జనవరి ఒకటి

బ్యాటరీని చంకలో పెట్టుకుని పొదుగుతాను.
హీయుమా దీవిలో ఫిబ్రవరి అంటే అలాగే ఉంటుంది మరి.
సబ్బు బిళ్ళంత కెమెరా,
నాలుగు ఫోటోలకే కళ్ళు తేలేస్తుంది.
బ్యాటరీ ఊడదీసి, కోటు గుండీ విప్పి,
స్వెట్టరు కిందకి తోసి
మూడిళ్ళ ఉత్తరాలు పంచేసరికి
మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

ప్రాణం వస్తుంది గానీ తెలివి రాదు.
ఈరోజు తేదీ ఎంత అని
నిద్రలేచిన ముసలమ్మలా అడుగుతుంది.
చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.
అందుకే నా ఫోటోలన్నిటికీ కుడివైపు మూల
నారింజరంగు అంకెల్లో ఒకటే రోజు:
జనవరి ఒకటి, రెండువేల ఆరు.
విరగబూసిన లైలాక్ పొద, జనవరి ఒకటి.
తీగ మీద ఎండుతున్న చేపలు, జనవరి ఒకటి.
మనవరాలు కెర్టు అరచేతిలో
ఊడిన పాలపన్ను,
అదీ ఆ రోజే.

"ఫోన్లో తీయొచ్చుగా?" అంటుంది కెర్టు.
ఫోను పోస్టాఫీసువాళ్ళది.
నేనెక్కడ ఆగానో, ఎంతసేపు ఆగానో
వాళ్ళకి చేరవేస్తూ ఉంటుంది.
ఇది చాడీలు చెప్పదు.

నేను తీసేవి గొప్పవేం కావు.
ఉత్తరాల డబ్బాలు.
పాలక్యానుతో చేసిందొకటి,
కందిరీగలు కాపురం పెట్టిందొకటి,
పోయిన మొగుడి పేరుకి
ఏటా కొత్త రంగు వేసే లెయిదా గారిదొకటి.
డబ్బాలు కదలవు, అదీ సుఖం.
ఎందుకంటే ఈ కెమెరాకి ఒక నత్తి ఉంది:
మీట నొక్కాక గొంతు సవరించుకుని,
ఒక రెప్పపాటు ఆలోచించి,
అప్పుడు చూస్తుంది.
పిట్టని తీస్తే
ఊగుతున్న కొమ్మ వస్తుంది.

ఎండెల్ కి ఈ సంగతి చెప్పాను.
అయినా తియ్యమన్నాడు.
చేపల లైసెన్సుకి కావాలట,
గడ్డం గీసుకుని, రెండు చోట్ల తెగ్గోసుకుని
గేటు దగ్గర కొయ్యలా నిలబడ్డాడు.
నొక్కాను. నవ్వాడు.
అంతలో మూరి మొరిగింది.
నవ్వు అయిపోయాక మిగిలిన మొహం,
కుక్కవైపు సగం తిరిగిన మొహం,
అదే పడింది.

కార్ద్లాలో అచ్చు వేయించి ఇచ్చాను.
చాలాసేపు చూశాడు, కళ్ళజోడు మార్చి చూశాడు.
"ఇది నేను కాదు, హెయినో" అన్నాడు.
హెయినో వాళ్ళన్న. సముద్రానికి అవతలి గట్టు, స్వీడన్.
వల నీదా నాదా అన్న తగువులో
ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు.
ఆ వల ఎప్పుడో ఎలుకలు కొట్టేశాయి.

లైసెన్సు మాట మరిచిపోయి
కవరు అడిగాడు.
లోపల ఒక్క ముక్కా రాయలేదు.
అడ్రసు మాత్రం
ఎక్కడా వెతక్కుండా రాశాడు.
బిళ్ళ నేనే అంటించాను, నా ఉమ్మితో.

మంచు కరిగింది. కోకిల కూసింది.
కోకిలని తీయబోతే జునిపర్ పొద వచ్చింది.
మళ్ళీ మంచు పడింది.

పోయిన మంగళవారం సంచిలో
నీలం బిళ్ళతో పలచని కవరు.
వేలితో తడిమితే లోపల అట్టముక్క లాంటిది,
మూలలు గట్టిగా.
ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో
ఏ ఉత్తరాన్నీ వెలుతురుకి పట్టి చూడలేదు.
ఆ రోజు చెయ్యి కొంచెం లేచింది.
దించేశాను.

డబ్బాలో వేయకుండా తలుపు కొట్టాను.
ఎండెల్ కవరు అందుకుని
తిప్పి చూసి, చొక్కా లోపలికి,
సరిగ్గా నేను బ్యాటరీ దాచే చోటికి
తోసుకున్నాడు.
"కాఫీ తాగుతావా?" అనలేదు. ఎప్పుడూ అంటాడు.

నాకు తెలీకుండానే కెమెరా తీశాను,
గడపలో ఆ మనిషి మీద మీట నొక్కాను.
అది గొంతు సవరించుకుంది.
ఆలోచించింది.

వచ్చింది చూస్తే,
మూసిన తలుపు. గొళ్ళెం ఇంకా ఊగుతున్నట్టు మసక.
గడప ముందు మంచులో
లోపలికి వెళ్ళిన బూట్ల గుర్తులు,
వాటి పక్కన కుక్కవి.
కింద మూల నారింజరంగులో
కొత్త సంవత్సరం.